దుకాణంలో సరుకు

బెంచీలన్నీ తీయించి, గదిని ఆటల మూలలుగా మార్చాలని కోడలి పట్టుదల. ఆ చిన్నపిల్లల బడి అత్తగారిది. ఏళ్ళ తరబడి పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పిన మనిషి. నాన్చి నాన్చి చివరికి ఒప్పుకున్నారు.

"సరే, కొన్నాళ్ళు చూద్దాం. తేడా వచ్చిందా, బెంచీలు మళ్ళీ లోపలికొస్తాయి."

కోడలు కిటికీ కింద చెక్కముక్కలు పోసింది. నీళ్ళ తొట్టి దగ్గర గరాటాలు, గిన్నెలు పెట్టింది. తలుపు వెనక పొట్టి అలమరాలు అడ్డంగా నిలిపి దుకాణం కట్టింది. ఇంట్లో మూలపడి ఉన్న అత్తగారి చెక్కపెట్టె తెచ్చి, లోపల వేషాల బట్టలు సర్ది, దుకాణానికి బల్లగా వేసింది. పిల్లలకు పండగే. గదంతా సంతలా ఉండేది.

ఒకనాడు ఇళ్ళకు పంపే వేళకు తలలు లెక్కపెడితే ఒకరు తగ్గారు. మిరియం లేదు. చూడ్డానికి ఇంతే ఉంటుంది, నోరు మాత్రం ఘాటు. అందుకే ఆ పేరు పడింది. అలాంటి పిల్ల గొంతు ఎప్పటినుంచి వినిపించడం లేదో కోడలికి గుర్తురాలేదు.

"నీళ్ళ డబ్బాలు దింపేటప్పుడు గేటు బార్లా తీసే ఉందమ్మా," అంది ఆయా, ఏడుపు గొంతుతో. ఆ మాటతోనే వీధిలోకి పరుగెత్తింది.

అత్తగారు పెరట్లోకి వెళ్ళి సంపు మూత ఎత్తించారు. లోపలికి వంగి చాలాసేపు చూశారు. అందులో లేదని తేలాక తిరిగొచ్చారు.

"బెంచీలుంటే గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే సరిపోయేది. ఇన్ని మూలలు పెట్టావు, ఏ మూలని వెతకనమ్మాయ్?"

ఆ మాటలో అబద్ధం లేదు మరి. ఇంతలో గేటు దగ్గర స్కూటర్ ఆగింది. మిరియం వాళ్ళ నాన్న.

కోడలు దుకాణం ముందు చతికిలబడింది. షావుకారు వేషంలో ఉన్న పిల్ల పెట్టె మీద దర్జాగా కూర్చుని ఉంది.

"దుకాణం కట్టేశాం టీచర్. రేపు రండి."

"ఏం, సరుకు అయిపోయిందా?" అంది కోడలు, అలవాటుకొద్దీ.

"లేదు, లోపల దాచాం."

"ఏం సరుకమ్మా?"

"మిరియాలు!" అంటూ ఆ పిల్ల కిసుక్కున నవ్వింది.

కోడలు ఆ పిల్లను ఎత్తి పక్కన దింపింది. పెట్టె గొళ్ళెం పడి ఉంది. అది ఒక పట్టాన ఊడలేదు. మూత లేచేసరికి మిరియం వేషాల బట్టల మధ్య ముడుచుకుని ఉంది, జుట్టంతా చెమటకు తడిసి, కళ్ళు మూసుకుని. కోడలు పిల్లను రెండు చేతులా బయటికి లాగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత పిల్ల పెద్దగా ఊపిరి పీల్చి, గుక్కపట్టి ఏడ్చింది.

ఆ ఏడుపు విని తండ్రి లోపలికి దూసుకొచ్చాడు.

"తప్పు నాదండీ. గొళ్ళెం ఉన్న పెట్టె పిల్లల మధ్య పెట్టాను," అంది కోడలు.

"పెట్టె నాది. గొళ్ళెం సంగతి నాకు తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను, అది పీకించాలన్న బుద్ధి నాకూ పుట్టలేదు," అన్నారు అత్తగారు.

అతను డాక్టర్ దగ్గరికని పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పిల్లలందరూ వెళ్ళాక కోడలు బెంచీల కోసం వరండా వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నారు అత్తగారు. "ముందు సుత్తి పట్రా."

పెట్టె మూత బందులతో సహా ఊడింది. ఆ తర్వాత ఆవిడ మోకాళ్ళ నొప్పికి మూలుగుతూనే నేలమీద పాకారు. పిల్ల పట్టే సందు ఎక్కడ కనిపించినా "ఇదిగో ఇక్కడ" అని అరిచారు. కోడలు అలమరాలన్నీ గోడకు జరిపింది.

మర్నాడు మిరియం రాలేదు. ఆ మర్నాడు వచ్చింది, వెంట నాన్న. ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని దుకాణమంతా తడిమి చూశాడు. లేచాక కూడా వెళ్ళలేదు. పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు.

"నాన్నా, నువ్వు బేరమాడాలి," అంది మిరియం.

అతను కోడలి వైపు చూశాడు. ఇంకా నవ్వలేదు. పిల్ల వైపు తిరిగి, "ఉప్పెంత?" అని అడిగాడు.