ఫ్రీసెనమ్మ కల్వర్టు

వైదేహి కెనడా ఎప్పుడూ చూడలేదు. అయినా ఆదోనిలో ఇంటి వెనక గదిలో కూర్చుని, అక్కడి మానిటోబా రాష్ట్రంలో ఒక పల్లెటూరి నియోజకవర్గం కష్టాలన్నీ నాలుగేళ్లు టైపు చేసింది.

ఆ పని ఇప్పించింది ఎమ్మిగనూరు శివశంకర్. బస్టాండు దగ్గర మేడ మీద ఆయనకు చిన్న ఆఫీసు ఉంది. విదేశాల నుంచి ఆడియో వస్తే విని, అక్షరాల్లో పెట్టి పంపాలి. వైదేహి వంతుకు ఒక రేడియో కార్యక్రమం వచ్చింది. హార్వే డైక్ అనే అధికార పార్టీ శాసనసభ్యుడు ప్రతి శనివారం గంటసేపు మైకు ముందు కూర్చునేవాడు. ఆ మాటలన్నీ అక్షరాల్లో కావాలని అడిగింది ఆయన ఆఫీసే. జనం ఫోన్ చేసి సమస్యలు చెప్పేవాళ్లు. ఆయన "పరిశీలిస్తున్నాం" అనేవాడు. ఆ మాట టైపు చేయడానికి వైదేహి కీబోర్డులో ఒకే మీట పెట్టుకుంది.

అందరికన్నా ఎక్కువసార్లు ఫోన్ చేసింది మిసెస్ ఫ్రీసెన్ అనే ముసలావిడ. ఏటా ఏప్రిల్‌లో మంచు కరిగి, ఆమె పొలం ముందు మట్టిరోడ్డు కోసుకుపోయేది. రోడ్డు కింద నీళ్లు పోయే కల్వర్టు అడుగున్నర వెడల్పు. మూడడుగులది వేయమని ఆమె కోరిక. చెప్పడం అయ్యాక తన ఫోన్ నంబరు నెమ్మదిగా రెండుసార్లు చదివేది. రేడియోలో అలా చదవకూడదని ఆమెకు ఎవరూ నచ్చజెప్పలేకపోయారు.

వైదేహి మామ దత్తాత్రేయ మున్సిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయినాయన. సాయంత్రం కాఫీ తాగుతూ అడిగేవాడు.

"ఫ్రీసెనమ్మ కల్వర్టు ఏమాయమ్మా?"

"పరిశీలిస్తాండారంట మామా."

"పరిశీలించనీ," అనేవాడు ఆయన.

2023 అక్టోబరు మూడున అక్కడ ఎన్నికలు జరిగాయి. వాళ్లు రాత్రి ఓట్లు లెక్కపెట్టేసరికి ఆదోనిలో బుధవారం తెల్లవారింది. దత్తాత్రేయ సంధ్యావందనం ముగించుకుని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఉప్మా తినడం పూర్తయ్యేలోగా ఏడేళ్ల ప్రభుత్వం పోయింది. హార్వే అరవై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాడు. రెండు రోజుల తర్వాత ఆయన ఓటమి ప్రసంగం టైపింగుకు వచ్చింది. ఆరు నిమిషాలే.

"ఏమన్నాడు?" అన్నాడు దత్తాత్రేయ.

"గెలిచినామెకు ఫోన్ చేసి అభినందనలు చెప్పినాడంట."

"ఎవరినీ తిట్టలేదా?"

"లేదు. అందరికీ కేకు పెట్టినారు."

"ఓడిపోయినోళ్లా?"

"ఓడిపోయినోళ్లే. ముందే ఆర్డరిచ్చినారంట, పారేయలేక."

దత్తాత్రేయ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అట్లయితే ఓడిపోయినాడని జనం ఎట్ల నమ్ముతారమ్మా?"

ఆ సాయంత్రమే శివశంకర్ ఫోన్ చేశాడు. "అక్కా, ఇంక ఆ పని లేదు. ఆయప్ప ఓడిపాయ కదా."

"మరి ఇన్నేండ్లు మనం రాసిందంతా కొత్తామెకి ఇస్తారా?"

"ఇయ్యరంట. ఆయప్ప కాగితాలు ఆయప్పవే. కొత్తామె మళ్లా మొదట్నుంచి వినాల్సిందే."

పని పోయినందుకు వైదేహికి బాధ లేకపోలేదు. కానీ వంటింట్లో నిలబడ్డా, బట్టలు ఆరేస్తున్నా ఆమెకు గుర్తొచ్చేది వేరే. తన దగ్గరున్న ఫైళ్లు వెతికి చూసింది. మిసెస్ ఫ్రీసెన్ ఎనభై మూడుసార్లు ఫోన్ చేసింది. ఇప్పుడు మళ్లీ ఒకటో ఫోన్ చేయాలి. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. అది కూడా రేడియోలోనే చెప్పింది.

రేడియోలో ఊరంతా విన్నది రహస్యం కాదని దత్తాత్రేయ తీర్పు చెప్పాక, ఇద్దరూ కలిసి కొత్త సభ్యురాలికి మెయిల్ రాశారు. నిమిషంలో జవాబు వచ్చింది. మీ చిరునామా మా నియోజకవర్గంలో లేదు, దయచేసి మీ ప్రాంత ప్రతినిధిని సంప్రదించండి, అని.

"మన ఎమ్మెల్యే ఆ కల్వర్టుకు యాడ పోతాడు?" అన్నాడు దత్తాత్రేయ.

నవంబరులో ఒక ఉదయం ఏడు గంటలకు వైదేహి ఆ నంబరు కలిపింది. చూసుకోవాల్సిన అవసరం లేకుండానే వేళ్లు నొక్కాయి. అక్కడ ముందురోజు రాత్రి భోజనాల వేళ. నాలుగేళ్లుగా చెవిలో ఉన్న గొంతు "హలో" అనగానే వైదేహికి ఇంగ్లీషు తడబడింది. ఇండియా నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది.

"బ్యాంకు కార్డు నంబరు చెప్పను," అంది మిసెస్ ఫ్రీసెన్.

"కార్డు గురించి కాదండీ. కల్వర్టు గురించి."

అవతల చెంచా కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఏ కల్వర్టు?"

"మీదే. మీరు మూడడుగులది అడిగారు. వాళ్లు రెండడుగులది చాలన్నారు. రెండడుగులదైతే దుంగ అడ్డం పడుతుందని మీరు చెప్పారు. పోయిన ఏప్రిల్‌లో ఇప్పుడున్నదాంట్లో పడింది కూడా."

"నువ్వెవరమ్మాయీ?"

వైదేహి తను ఎవరో చెప్పింది. ముసలావిడ మొత్తం విని, తను ఎన్నిసార్లు ఫోన్ చేసిందో అడిగింది.

"ఎనభై మూడు."

"నేను అరవై అనుకున్నాను," అంది ఆవిడ. ఆ తర్వాత ఇంకాస్త మెల్లగా, "అయితే ఎవరో వింటూనే ఉన్నారన్నమాట," అంది.

ఆవిడకు కంప్యూటరు లేదు. అందుకని వైదేహి తేదీలు చెబుతుంటే, ఆవిడ పెన్సిల్‌తో రాసుకుంది. ఏ తేదీన ఏం అడిగింది, హార్వే ఏమన్నాడు. మూడు ఉదయాలు పట్టింది. మధ్యలో ఆవిడ "ఆగు, ఆగు" అనేది. వైదేహి ఆగేది. రెండో రోజు అత్త భీమాబాయి కుక్కర్ ఆపడం మరచిపోయి అక్కడే నిలబడి వింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

ఆ కాగితాలు పట్టుకుని మిసెస్ ఫ్రీసెన్ కొత్త సభ్యురాలి ఆఫీసుకు వెళ్లింది. ఆ తర్వాత నెలల తరబడి ఏ సంగతీ తెలియలేదు. వైదేహి ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. రోజూ బస్సులో పోయి వస్తోంది.

మరుసటి ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం ఫోన్ మోగింది.

"రెండున్నర అడుగులది వేశారు," అంది మిసెస్ ఫ్రీసెన్. "మూడు కాదు. అయినా పరవాలేదు."

వైదేహి చాలా సంతోషమని చెప్పింది. కొత్త సభ్యురాలు మంచి మనిషిలా ఉందని కూడా అంది.

"మంచిదే. వచ్చేసారి కూడా ఆమెకు ఓటు వేయను," అంది ఆవిడ. "పోయినసారి హార్వేకే వేశాను. పని చేయకపోయినా, అన్నేళ్లు ఫోన్ పెట్టేయకుండా నా మాట విన్నాడు పాపం."

ఫోన్ అయ్యాక వైదేహి ఆ సంగతి మామకు చెప్పింది. కల్వర్టు మాటకు ఆయన తృప్తిగా తల ఊపాడు. ఓటు మాటకు మాత్రం ముఖం మారింది. ఆయన ఉద్యోగంలో ఉండగా పదకొండుసార్లు పోలింగ్ డ్యూటీ చేసినవాడు.

"ఓటు ఎవరికేసినామనేది బయటికి చెప్పకూడదమ్మా," అన్నాడు. "ఆ పెద్దామె తెలీక చెప్పింది. నువ్వు ఎవరితోనూ అనాకు."

వైదేహి అలాగే అంది. మంత్రాలయం డ్యూటీ నుంచి రాత్రికి ఇంటికొచ్చిన భర్త మధ్వేశ్‌కు కల్వర్టు వరకే చెప్పింది.