బావ సరిచేసిన అడ్రసు

మా అక్క ఫోన్లో ఎప్పుడూ ఏడవదు, తిడుతుంది. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి, "రేపు మీ బావ పరువు నీ చేతుల్లో ఉందిరా" అంది. నాకు ఒళ్లు మండింది. ఇలాంటివి నెత్తిన పెట్టడానికే తమ్ముళ్లుంటారు కాబోలు.

బావా నేనూ ఒకే ఆఫీసులో, పక్కపక్క సీట్లలో పనిచేస్తాం. నాకు పని నేర్పింది ఆయనే. మెదడులో రక్తం గడ్డకట్టి నెలల తరబడి మంచాన పడ్డాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, బామ్మర్దినని నన్ను ఎప్పట్లాగే ఆటపట్టిస్తున్నాడు. పాత సంగతులు ఏవి అడిగినా గడగడా చెప్తాడు. కొత్తవే నిలవడం లేదు. ఈ విషయం అక్కకీ నాకూ తెలుసు, ఆఫీసుకి చెప్పలేదు.

మా మేనేజర్ మేడమ్‌కి అనుమానం రానే వచ్చింది. ఆవిడ చెడ్డమనిషని అనుకోవాలని చాలా ప్రయత్నించాను, కుదర్లేదు. తన కళ్లముందు చిన్న పని ఒకటి చేసి చూపిస్తే బావ సీటు బావదేనని, లేదంటే ఇంటికి పంపక తప్పదని నాతో చెప్పింది.

నిజంగానే చిన్న పని. మా ప్రోగ్రాములు ఏ సర్వీసు ఎక్కడ దొరుకుతుందో రిజిస్ట్రీ అనే ఒక చిరునామాల పట్టీని అడిగి తెలుసుకుంటాయి. ఆ రిజిస్ట్రీ అడ్రసు, మేం సెట్టింగులు మార్చుకునే కన్సోల్లో ఒక పేజీలో ఉంటుంది. బావ ఆసుపత్రిలో ఉండగా రిజిస్ట్రీని కొత్త సర్వర్‌కి మార్చి, పాతదాన్ని ఆపేశారు. పరీక్షలకు వాడే కన్సోల్లో మాత్రం పాత అడ్రసే మిగిలిపోయింది. దాన్ని మార్చాలి, పాస్‌వర్డు మళ్లీ కొట్టాలి, టెస్ట్ నొక్కి చూసుకుని సేవ్ చేయాలి.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కొత్త అడ్రసు బావకి బట్టీ పట్టించాను. తప్పులేకుండా అప్పజెప్పాడు. అన్నం తిని చేయి కడుక్కొచ్చి, ఏ అడ్రసు గురించిరా అని నన్నే అడిగాడు. అక్క కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అందుకే మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి ఆ అడ్రసు నేనే మార్చి సేవ్ చేసేశాను. ఇక బావ పేజీ తెరిచి టెస్ట్ నొక్కితే చాలు. ఇంకేదీ ముట్టుకోవద్దని మెట్ల దగ్గరే చెప్పాను. నాకే నేర్పుతావా అని నవ్వాడు.

మేడమ్ వచ్చి కుర్చీ వెనక నిలబడింది. బావ వెతుక్కోకుండా పేజీ తెరిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఆయన చూపు పేజీ అడుగున ఆగింది. చివరిగా మార్చినవాళ్ల పేరు అక్కడ కనిపిస్తుంది. నా పేరుంది. బావ ముఖం మారిపోయింది. ఓరకంట మేడమ్‌ని చూశాడు, నన్ను చూశాడు. చకచకా కొత్త అడ్రసు చెరిపేసి పాతది కొట్టాడు. అంత పొడుగు అడ్రసు, మధ్యలో గీతలూ అంకెలూ, కీబోర్డు వైపు చూడకుండా కొట్టాడు. కొత్తవాళ్లంతా మర్చిపోయే పాస్‌వర్డు కూడా మళ్లీ కొట్టాడు. మేడమ్ ముందు ఆయన్ని ఆపితే అసలు సంగతి బయటపడుతుంది.

టెస్ట్ నొక్కాడు. కాసేపు తిరిగి తిరిగి, కనెక్షన్ దొరకలేదని ఎర్రగా వచ్చింది.

సరిగ్గా ఉన్నదాన్ని ఎందుకు మార్చారని మేడమ్ నెమ్మదిగానే అడిగింది. బావ లేచి నిలబడ్డాడు.

"పొరపాటు నాదే మేడమ్. వాడికేం సంబంధం లేదు."

ఆవిడ కూడా నా పేరు చూసింది. నావైపు చూసిన చూపులో కోపం ఉండుంటే బాగుండేది. ఈ పూటకి ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమని బావకి చెప్పింది, అక్కతో తానే మాట్లాడతానని నాకు చెప్పి తన గదిలోకి వెళ్లిపోయింది.

బావ మాత్రం తేలికపడ్డట్టున్నాడు. నా భుజం మీద చేయి వేసి వంగాడు.

"అడ్రసు తప్పు కొట్టావురా. ఆవిడ కనిపెట్టేలోపు సరిచేశాను. సర్వరేదో మొరాయిస్తోందిగానీ, నీకేం భయం లేదు."

చాలా థాంక్స్ బావా అన్నాను.