నా ముఖాన రాసిన మాట

నేను ఒక హిప్‌హాప్ పత్రికను. పత్రిక అంతా నేనే అనుకుంటే అది గర్వమవుతుంది. ‘గల్లీ గొంతు’ నాలుగో సంచికలో ఒక ప్రతిని, అంతే. నాతోపాటు మూడు వేల ప్రతులు పుట్టాయి. వాటి సిగ్గు సంగతి నాకు తెలియదు. నా వంతు నేను చెబుతాను.

అచ్చుయంత్రం నుంచి బయటపడేటప్పటికే నాకొక విద్య అబ్బింది: దారిన పోయేవాణ్ణి ఆపడం. దుకాణంలో నాకు దక్కేది రెండు క్షణాల చూపు. ఆ రెండు క్షణాల కోసం నా ముఖం మీద ఒక మనిషి చదువరి కళ్లలోకి తిన్నగా చూడాలి, నవ్వకూడదు. అక్షరాలు ఎవరో గోడ మీద హడావిడిగా రంగు చిమ్మి రాసినట్టుండాలి. అలా కనిపించడానికి ఒక చిత్రకారుడు మూడు రోజులు నిదానంగా కూర్చుని గీయాలి. లోపల చదువరిని ‘మీరు’ అనకూడదు, ‘మామా’ అనాలి. మధ్యలో చింపి గోడకు అంటించుకునే పోస్టరు, చివర బస్తీ మాటలకు అర్థాలు.

ఆ అర్థాల పేజీ ఎవరి కోసమో ఆలోచిస్తే నా గుట్టు తెలిసిపోతుంది. బస్తీవాడికి దానితో పనిలేదు. హాస్టల్ గదిలో ఉంటూ బస్తీవాడిలా మాట్లాడాలనుకునే విద్యార్థికి అది కావాలి. బస్తీవాడికి కావలసింది వేరు: తన గల్లీ నున్నటి కాగితం మీద మెరవడం. ఒకరికి కరుకుదనం, మరొకరికి నునుపు. ఇద్దరితోనూ ‘నేనే నువ్వు’ అని ఒకే గొంతుతో చెప్పాను. ఇద్దరూ నమ్మారు.

నా ముఖం మీద ఉన్న మనిషి పేరు రవళి. పార్సిగుట్ట బస్తీలో ఉంటుంది, ఇరవై నాలుగేళ్లు. మందుల దుకాణంలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు ర్యాప్ పాటలు కడుతుంది. తండ్రి మైసయ్య చావు ఇళ్ల ముందు డప్పు కొడతాడు. పాడె భుజాల మీదికి లేచే క్షణంలో ఆయన కొట్టే దరువు ఒకటుంది. దాన్ని వాళ్లింట్లో లేపుడు దెబ్బ అంటారు. రవళి తన పాటకు ఆ పేరే పెట్టి, అందులో ఇలా రాసుకుంది: “మా నాయిన దెబ్బేస్తెనే పీనుగ లేస్తది, నేను పదమేస్తే బస్తీ లేస్తది.” ఆ పాట రికార్డింగులో డప్పు కొట్టమని తండ్రిని ఏడాదిపాటు బతిమాలింది. చావు దగ్గర తప్ప ఎక్కడా డప్పు ముట్టని మనిషి చివరికి సరేనన్నాడు. ఆ దెబ్బ లేకుండా ఆ పాట ఆమెకు అక్కరలేదు.

నేనింకా ప్రూఫు కాగితంగా ఉన్నప్పుడు సంపాదకుడు సుహాస్ ఆ పాట పేరు దగ్గర ఆగాడు. బెజవాడ నుంచి వచ్చినవాడు, ఈ సంగీతం మీద నిజమైన ప్రేమ ఉన్నవాడు.

“లేపుడు దెబ్బ అంటే ఏంటి వినీల్?” అని పుటలు అమర్చే అతణ్ణి అడిగాడు.

“లేపేయడమే కదన్నా. మర్డర్.”

“అమ్మో, ఈ పిల్ల మామూలుది కాదు. మనకు హెడ్డింగ్ దొరికింది.”

రవళిని అడగడానికి ఒక్క ఫోను చాలు. కానీ తెలిసిందనుకున్నదాన్ని ఎవరు అడుగుతారు? నా ముఖాన ఎర్రటి అక్షరాలతో ‘లేపేస్తా’ అని పడింది. ఆమె పాట మాత్రం ఇరవై రెండో పుటలో, చిన్న అక్షరాల్లో, చెక్కుచెదరకుండా ఉంది. నిజం నా కడుపులోనే ఉంది. దాన్ని దాచిపెట్టింది నా ముఖం.

నేను రవళి ఇంటికి చేరేలోపే నా తోటి ప్రతులు పార్సిగుట్ట చేరాయి. హోటలు దగ్గర మైసయ్యను చూసి ఎవరో అన్నారట: “బిడ్డ లేపేస్తదంట, తండ్రి దెబ్బేస్తడంట. ఇంట్లనే దుకాణం పెట్టిండ్రు గదనే.” అందరూ నవ్వారట. మైసయ్య టీ సగంలో వదిలి ఇంటికొచ్చి, అప్పుడే టపాలో చేరిన నన్ను కూతురి ముందు పెట్టాడు. ఆయనకు చదువు రాదు.

“ఏం రాసిండ్రు? సదువు.”

ఆమె చదివింది. ఏదీ వదిలిపెట్టలేదు, అర్థాల పేజీతో సహా.

“నువ్వు గట్ల అన్నవా?”

“అనలే నాయిన.”

“ఫోటో నీదేనా?”

“నాదే.”

“కండ్లు గట్లెందుకు పెట్టినవ్?”

“కోపంగ చూడుమన్నరు. చూసిన.”

“ఎవని మీద కోపం బిడ్డ?”

ఆ చూపు ఎవరి మీదా కాదు, కొనేవాడి కోసం. మనిషికి సిగ్గేస్తే తల దించుకుంటాడు, రవళి దించుకుంది. నాకు ముఖమే గాని మెడ లేదు. ఆమె తల దించుకుని ఉండగా, ఆమె ముఖంతోనే నేను ఆమె తండ్రిని కోపంగా చూస్తూ ఉండిపోయాను.

“సచ్చినోళ్ల ఇంటికి ఏం మొఖంతోని పోవాలె ఇగ? నేను దెబ్బేస్తుంటే ఆళ్లకు గీ మాటనే యాదికొస్తది,” అన్నాడు మైసయ్య. డప్పును గోడకు తగిలించాడు. “మీ స్టూడియోకు గూడ రాను.”

మర్నాడు రవళి సుహాస్‌కు ఫోను చేసింది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. “సారీ రవళీ, నాకు తెలీలేదు. కానీ సవరణ వేస్తే కవర్ చచ్చిపోతుంది. జనం దానికే కనెక్ట్ అయ్యారు,” అన్నాడు. తెలియక చేసింది తప్పు. తెలిశాక అలాగే ఉంచితే దాన్ని ఏమనాలో నా అర్థాల పేజీలో లేదు.

ఎనిమిది రోజులు డప్పు గోడ దిగలేదు. తొమ్మిదో రోజు పొద్దున వెనక గల్లీలో బాలమణి అనే ముసలామె చనిపోయింది. కొడుకు యాదగిరి వచ్చి గడపలో నిలబడ్డాడు.

“మైసన్నా, అమ్మ పోయింది.”

మైసయ్య లేవలేదు. కూతురి వైపు చూసి, “నీ నోటితోని చెప్పు,” అన్నాడు.

రవళి నన్ను చేతిలోకి తీసుకుంది. “అన్నా, గీ పుస్తకం మీద రాసింది నేనన్న మాట కాదు. కానీ ఫోటో దిగింది నేనే. మా నాయినకు దీంతోని సంబంధం లేదు.”

యాదగిరి నా వైపు చూశాడు. ఏడ్చి వాచిన కళ్లకు నేను ఆనినట్టు లేదు. “గదంత ఎవలు సదివిండ్రు చెల్లె?” అన్నాడు. “జర జల్ది రా అన్నా. నువ్వు రాకుంటె మా అమ్మనెట్ల లేపుతం?”

ఆ మాట యాదగిరి నోట ఎంత మామూలుగా, ఎంత మెత్తగా పలికిందో విన్నాను. నా ఎర్ర అక్షరాలు ఏనాడూ విని ఉండని మాటలా ఉంది.

మైసయ్య డప్పు దించాడు. చావు ఇంటి ముందు చిన్న మంట వేసి, తోలు బిగువెక్కడానికి డప్పు కాచసాగాడు. రవళి నన్ను తెచ్చి ఆ మంటలో పెట్టింది. నేను సంతోషించాను. దేనికైనా పనికొస్తాననుకున్నాను. కానీ నునుపు కాగితం అంత తొందరగా అంటుకోదు. అంచులు ముడుచుకుని నల్లటి పొగ వదిలాను. మైసయ్య కళ్లు మండి, పుల్లతో నన్ను పక్కకు తోశాడు.

“గిది కాలదు బిడ్డ. గడ్డి పట్టుకరా.”

ఆమె గడ్డి తెచ్చి మంట ఎగదోసింది. డప్పు అటూ ఇటూ తిప్పుతూ, తలెత్తకుండానే ఆయన అడిగాడు: “ఆదివారం స్టూడియోకు ఎన్ని గంటలకు?”

“పదింటికి నాయిన.”

ఆయన డప్పు మంట మీంచి తీశాడు. వేలితో తోలు మీటి చూసుకుని లేచాడు.

దెబ్బ మోగింది. పాడె లేచింది. ఆ దెబ్బను వర్ణించడానికి నా దగ్గర చాలా విశేషణాలున్నాయి; వాటిలో ఒక్కటీ వాడను.

జనం కదిలారు. యాదగిరి భార్య ఏడుస్తూ పాడె వెనక వస్తోంది. ఆమె పాదం నా మీద పడింది. ఆమె ఆగింది. అంత ఏడుపులోనూ వంగి, వేళ్లతో నన్ను తాకి, ఆ వేళ్లను కళ్లకద్దుకుంది. కాగితాన్ని తొక్కితే చదువును తొక్కినట్టని ఎవరో చిన్నప్పుడే ఆమెకు నేర్పి ఉంటారు. నా మీద ఏముందో ఆమె చూడలేదు. ఉన్నది మంచిదేనని నమ్మింది.

కాదని ఆమెకు చెప్పడానికి, నాలో ఉన్న అక్షరాలన్నీ వెతికాను.