హెప్సిబా పేరున పరీక్షించిన ఇళ్ళు

హెప్సిబా లాగ్‌బుక్కు ఐదు నెలలుగా సూపర్‌వైజరు ఫ్రాన్సిస్ సంచీలోనే ఉండిపోయింది. అడిగినప్పుడల్లా రేపిస్తాననేవాడు. మళ్ళీ అడిగితే విసుక్కునేవాడు. తన పుస్తకం కోసం తాను అడుక్కోవాల్సి రావటమేంటని ఆమెకు ఒళ్ళు మండేది.

ఆమెకు ముప్ఫై ఒకటి. మెకానికల్ డిప్లొమా చదివి, ఆడపిల్లకు ఇదే నయమని నలుగురూ అంటే, తెనాలిలో ఒక సిలిండర్ల ఏజెన్సీ కౌంటర్లో ఆరేళ్ళు కూర్చుంది. ఫోనెత్తితే అవతల ఎవరో ఒకావిడ వంటింట్లో వాసనొస్తోందమ్మా అనేది. కిటికీలు తెరవండి, స్విచ్చులు ముట్టుకోకండి, మెకానిక్కును పంపుతాం అని చెప్పేది హెప్సిబా. ఆ మెకానిక్కు గంటలో వెళ్తాడో మర్నాడు వెళ్తాడో ఆమె చేతిలో లేదు. జాగ్రత్తలు చెప్పటం తప్ప ఇంకేం చేయలేకపోతున్నానన్న ఉక్రోషం ఆరేళ్ళూ లోపలే పెరిగింది.

ఇంటింటికీ పైపు గ్యాసు వేసే కాంట్రాక్టు కంపెనీ ఒకటి ట్రైనీలను తీసుకుంటోందని తెలియగానే ఆ కౌంటరు వదిలేసింది. అక్కడి పద్ధతి ప్రకారం ట్రైనీ ఎనభై ఇళ్ళలో తన చేత్తో జాయింట్లు బిగించాలి, పైపులో గాలి ఎక్కించి అరగంట సేపు గేజి ముల్లు పడిపోకుండా నిలబడిందో లేదో చూడాలి, పొయ్యి వెలిగించి అప్పగించాలి. ఒక్కో ఇంటికీ సూపర్‌వైజరు లాగ్‌బుక్కులో సంతకం పెడతాడు. ఎనభై నిండాక బాపట్లలో పరీక్ష. అది పాసైతే గ్యాస్ ఇంజనీరుగా కార్డు ఇస్తారు. అప్పటినుంచి సూపర్‌వైజరు సంతకం లేకుండానే, ఆ మనిషి సంతకం మీదే ఇంట్లోకి గ్యాసు వదులుతారు.

ఆ ఉద్యోగం ఇప్పించింది ఫ్రాన్సిసే. చెరుకుపల్లి లూథరన్ చర్చిలో అతను సంఘపెద్ద. హెప్సిబా తల్లి రాజమ్మ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అతన్ని మెట్ల మీదే ఆపి, మా పిల్లకు దారి చూపించు నాయనా అంది. చూపించాడు. ఆ సంగతి హెప్సిబా ఏనాడూ కాదనలేదు.

కానీ పనిలోకి వచ్చాక ఆమె చేతికి రెంచి అందటం గగనమైంది. ఆడమనిషిని చూస్తే ఇళ్ళల్లోవాళ్ళు తొందరగా తలుపు తీస్తారని ఆమెను ముందు పంపేవాడు. ఫారాలు నింపించటం, ఆధార్ జిరాక్సులు తీసుకోవటం, వంటగట్టు ఖాళీ చేయించటం ఆమె పని. ఈలోపు ఇద్దరు ఫిట్టర్లు వచ్చి గోడకు కన్నాలు వేసి పైపు బిగించేసేవాళ్ళు. ఎప్పుడైనా మనుషులు తక్కువైన రోజున ఆమెకు అవకాశం వచ్చేది. అలా వచ్చిన ఇళ్ళు పంతొమ్మిది. ప్రతిదాని వీధి పేరూ, ఏ మలుపులో ఏ జాయింటు మొండికేసిందో కూడా ఆమెకు గుర్తే. ఆ పంతొమ్మిదింటిలోనూ అరగంట పరీక్ష పెట్టినందుకు ఫ్రాన్సిస్ గుర్రుమన్నాడు. అతని లెక్కలో ఐదు నిమిషాలు చాలు. సాయంత్రానికి పదమూడు ఇళ్ళు అయ్యాయని పైవాళ్ళకు చెప్పుకోవాలి.

జూలైలో రేపల్లె నుంచి ఆఫీసుకు ఫోనొచ్చింది. గట్టు కింద అలమర తెరిస్తే వాసనొస్తోందట. ఫిట్టర్లిద్దరూ కొల్లూరు పనిలో ఉన్నారు. హెప్సిబా సంచీ తగిలించుకుని రైలెక్కింది.

ఆ ఇల్లు వెంకటరమణమ్మగారిది. రిటైరైన లెక్కల టీచరు. ఇద్దరు మనవరాళ్ళను దగ్గర పెట్టుకుని చదివిస్తోంది. గుమ్మంలో అడుగుపెడుతూనే హెప్సిబాకు వాసన తగిలింది. పిల్లల్ని బయటకు పంపించి, మీటరు దగ్గర వాల్వు మూసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచింది. ఇల్లు బాగా గాలాడాక, లోపలి పైపులోకి చేతిపంపుతో గాలి ఎక్కించింది. గేజి ముల్లు నిలబడలేదు, చూస్తుండగానే జారిపోయింది. అలమర వెనక వంపు దగ్గర సబ్బునీళ్ళు రాస్తే అన్నం ఉడికినట్టు బుడగలొచ్చాయి. ఆ జాయింటు మర మీద టేపు ఒక్క చుట్టే ఉంది. చేత్తో తిప్పి వదిలేసినట్టుంది తప్ప రెంచి పడిన గుర్తు లేదు.

వాల్వు తెరవకుండా సీలు వేసి, ఫిట్టర్లు రేపొచ్చి సరిచేసేదాకా ముట్టుకోవద్దని చెప్పింది. వెంకటరమణమ్మ కళ్ళజోడు పెట్టుకుని మీటరు పెట్టె మీద అంటించిన కాగితం చదువుతోంది.

“ఈ హెప్సిబా ఎవరమ్మా? మీ ఆఫీసులోనేనా?”

హెప్సిబా వంగి చూసింది. పరీక్షించినవారు కె. హెప్సిబా, ముప్ఫై నిమిషాలు, సంతృప్తికరం. కింద సంతకం. వేసిన తేదీ చూస్తే, ఆ రోజు తాను తల్లి కంటి ఆపరేషనుకు బాపట్లలో ఉంది. సెలవిచ్చింది ఫ్రాన్సిసే.

“అవునండి, మా ఆఫీసే.”

“ఒకసారి ఆవిణ్ణి నా దగ్గరికి తీసుకురా. అరగంట చూశానని రాసిందే, ఎక్కడ చూసిందో అడగాలి. ఆ వచ్చిన మగాళ్ళు కాఫీ తాగినంతసేపు కూడా లేరు. ఇంట్లో పసిపిల్లలున్నారు.”

హెప్సిబా మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు తిరగబడి ఉంది. పేరు కనపడటం లేదు. సరేనండి అని వెళ్ళిపోవచ్చు.

“హెప్సిబా నేనేనండి.”

పెద్దావిడ ఎగాదిగా చూసింది. “నువ్వు రాలేదే.”

“రాలేదండి. ఆ సంతకం నాది కాదు.”

“నీది కాని సంతకం నీ పేరున ఊళ్ళో తిరుగుతుంటే, నువ్వేం చేస్తున్నావు?”

హెప్సిబా సంచీ సర్దుకుని బయటపడింది. తిరుగు రైల్లో ఆ మాట తెనాలి దాకా చెవిలో గీరుతూనే ఉంది. ముందు ఆవిడ మీద కోపం వచ్చింది. వేమూరు దాటేసరికి ఆ కోపం ఎవరి మీద ఉండాలో వాళ్ళ మీదికి మళ్ళింది.

తెనాలిలో కంపెనీ షెడ్డు రైలు గేటుకు దగ్గర్లోనే. ఫ్రాన్సిస్ పైపులు దింపిస్తున్నాడు. ఆమెను చూసి నవ్వాడు. నోరు తెరిచేలోపే సంచీలోంచి లాగ్‌బుక్కు తీసి చేతిలో పెట్టాడు.

“ఎనభై నిండినయ్. సోమవారం బాపట్లలో పరీక్ష. నీ పేరు పంపించేశా. మీ అమ్మకి చెప్పు.”

హెప్సిబా అక్కడే నిలబడి పేజీలు తిప్పింది. పంతొమ్మిది తనవి. అరవై ఒకటి తాను గుమ్మం తొక్కని ఇళ్ళు. చెరుకుపల్లి, రేపల్లె, కొల్లూరు. ప్రతి వరసలోనూ ముప్ఫై నిమిషాలు. రేపల్లె పేజీలో వెంకటరమణమ్మ పేరుంది.

ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పింది. అతను కొంచెం తగ్గాడు, వెంటనే మనుషుల్ని పంపిస్తానన్నాడు. ఇదంతా ఆమె మంచికే చేశానన్నాడు. తాను కూడా ఇలాగే నేర్చుకున్నానని, ముందు కార్డు వస్తే చెయ్యి అదే తిరుగుతుందని, ఫిట్టర్లకు అర్హత లేదు గనక కాగితం మీద ఎవరో ఒక ట్రైనీ పేరు ఉండాలని, అందులో తప్పేముందని అడిగాడు.

“నా చేత పని చేయించకుండా నా పేరు చేత చేయించావా?” అంది హెప్సిబా. “ఆ పిల్లలకేమన్నా అయితే పోలీసులు ఎవర్ని తీసుకెళ్ళేవాళ్ళన్నయ్యా?”

“ఇక్కడ సార్ అనాలి,” అన్నాడు ఫ్రాన్సిస్ చుట్టూ చూస్తూ.

ఆమె సార్ అనలేదు. షెడ్డు బల్ల మీద పుస్తకం పరిచి, అతను చూస్తుండగానే అరవై ఒక్క వరసలూ ఒక్కొక్కటే కొట్టేసింది. పెన్ను ఎంత నొక్కిందంటే రెండు చోట్ల కాగితం చిరిగింది. పైపులు దింపేవాళ్ళు పని ఆపి చూశారు. ఫ్రాన్సిస్ పుస్తకం లాక్కోబోతే, చెయ్యి వేస్తే బాగుండదని చెప్పి సంచీలో పెట్టుకుని వచ్చేసింది.

సోమవారం బాపట్లలో పరీక్ష పెట్టే అధికారి శరణ్య అనే ఆవిడ. ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, ఇలా కొట్టెయ్యకుండా తెచ్చుంటే మధ్యాహ్నానికల్లా పరీక్ష అయిపోయేది కదా అంది. ఆ మాటలో వెటకారం ఉందో జాలి ఉందో తెలియలేదు. హెప్సిబా ఆ ఇళ్ళ అడ్రసులు వేరే కాగితం మీద రాసి తెచ్చింది.

“పరీక్ష సంగతి తర్వాత మేడమ్. ముందు ఈ అరవై ఒక్క ఇళ్ళూ మళ్ళీ చూడాలి.”

శరణ్య ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. ఫిర్యాదుగా రాసి సంతకం పెట్టాలని, పెడితే ఇక్కడితో ఆగదని చెప్పింది. హెప్సిబా పెట్టింది. ఈసారి సంతకం తనదే.

పది రోజుల్లో ఇళ్ళన్నీ తిరిగి పరీక్షించారు. ఇంకో నాలుగిళ్ళలో జాయింట్లు వదులుగా దొరికాయి. ఫ్రాన్సిస్‌ను ఉద్యోగంలోంచి తియ్యలేదు, వేరే జిల్లాకు బదిలీ చేశారు. హెప్సిబాకు మాత్రం ఒక ఉత్తరం వచ్చింది. ఆ సూపర్‌వైజరు సంతకాలేవీ చెల్లవు కనుక పంతొమ్మిదీ రద్దు, కొత్త పుస్తకంతో ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఆ ఉత్తరం చదివి ఆమె ఆఫీసు మెట్ల మీద కూలబడింది. ఆ పంతొమ్మిదీ ఎవరు చూసినా ఎన్నిసార్లు చూసినా నిలబడే ఇళ్ళు. తప్పు చేసినవాడికి బదిలీ అయితే, తప్పు చెప్పిన తనకు సున్నా. కంపెనీలో ఎవరిని నిలదీసినా రూలమ్మా అన్నారు.

చర్చిలో రాజమ్మ పక్కన కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. మేలు చేసినవాడి నోట్లో మట్టి కొట్టిందని ఎవరో అన్నారట. సెలవు మీద ఊరొచ్చిన ఫ్రాన్సిస్ ఒక ఆదివారం గుమ్మం దగ్గర ఎదురుపడి, ఏమీ జరగనట్టే, బాగున్నావా అమ్మా అన్నాడు. హెప్సిబా పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక రాజమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మనవాడే కదా, క్షమించెయ్యకూడదా అంది.

“ఆయన నన్ను అడగక్కర్లేదమ్మా. ఆ అయిదిళ్ళకీ వెళ్ళి, గుమ్మంలో నిలబడి, చేసింది నేనేనని చెప్పమను. ఆ తర్వాత చూద్దాం.”

రాజమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ కబురు ఫ్రాన్సిస్ దాకా చేరింది కూడా. అతను ఏ ఇంటికీ వెళ్ళలేదు.

కొత్త పుస్తకం నిండటానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈసారి పైన ఉన్నది అచ్యుతరామయ్య అనే ముసలి ఇంజనీరు. మాటలు తక్కువ, మెచ్చుకోవటం అసలే తెలియదు. కానీ రెంచి ఆమె చేతికిచ్చి తాను ముక్కాలి పీట మీద కూర్చునేవాడు. తప్పు బిగిస్తే విప్పించేవాడు. బాపట్ల పరీక్షలో శరణ్య కావాలని చెడగొట్టి పెట్టిన మూడు లోపాల్నీ హెప్సిబా గంటలోపే పట్టుకుంది. కార్డు వచ్చిన రోజున అందరూ స్వీట్లు అడిగారు. కొనిపెట్టింది. సంతోషం రావాల్సినంత రాలేదు. పద్నాలుగు నెలలు ఎవరి వల్ల పోయాయో మరచిపోవటం ఆమెకు చేతకాలేదు.

ఇంజనీరుగా మొదటి ఉదయం చెరుకుపల్లిలో పని. కొత్త మేనేజరు ఫోన్లో, రోజుకు పన్నెండు ఇళ్ళు లాగెయ్యాలమ్మా అన్నాడు.

“ఆరే అవుతాయండి,” అంది హెప్సిబా.

అతను ఇంకేదో అంటుండగానే ఫోను ఫిట్టరు చేతికిచ్చి, గేజి తీసుకుని లోపలికి వెళ్ళింది.