అసోసియేషన్ వారి వార్డు

నోయిడాలోని ఆ సొసైటీ తెలుగు అసోసియేషన్‌కి అరుంధతి పేరు తెలియదు. సిస్టర్ అంటే చాలు. ఉగాదికి డాక్టర్లకు శాలువాలు కప్పేవారు, ఇంజనీర్లకు కుండీలో మొక్కలిచ్చేవారు, ఎవరి బావమరిదో సివిల్స్ ప్రిలిమ్స్ రాశాడని అతనికీ ఓ జ్ఞాపిక ఇచ్చేవారు. అరుంధతికి మాత్రం మంచినీళ్ల క్యాన్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీ, ముందు బీపీ మిషను. పెద్దలంతా వచ్చి చెయ్యి చాపేవారు. చూసి చెప్తే, "మీ మిషన్ పాతదనుకుంటా" అని వెళ్లిపోయేవారు. ఆవిడ భోజనానికి లేచేసరికి గారెలు అయిపోయేవి.

పోయిన ఉగాదికి కుర్చీ ఖాళీగా ఉంది కదా అని ఆవిడ ముందు వరసలో కూర్చుంది. అధ్యక్షుడు కేశవరావు మైకులోనే, "సిస్టర్, అది ప్రొఫెషనల్స్‌కండీ. మీ సీటు అక్కడుంది కదా" అని నీళ్ల క్యాన్లు చూపించాడు. జనం నవ్వారు. అరుంధతి లేచి వెళ్లింది. కాసేపటికి ఆయన కూడా వచ్చి చెయ్యి చాపాడు. చూసింది. బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆ మాట ఆయనకు చెప్పింది. ఎంత సంతోషంగా చెప్పిందో ఆయన గమనించలేదు.

ఆవిడ మిలిటరీలో నర్సింగ్ ఆఫీసరుగా చేసి లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరైంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఇప్పుడు నర్సింగ్ కాలేజీలను తనిఖీ చేసే పని చేస్తోంది. ఈసారి నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు అప్పగించింది గ్రేటర్ నోయిడాలో ఒక చిన్న కాలేజీ. ఓనరు కేశవరావు. నర్సులంటే ఆయనకు చిన్నచూపే గానీ, నర్సింగ్ సీట్లంటే అలాంటి పట్టింపేమీ లేదు.

"కాలేజీతో మీకేమైనా సంబంధం ఉందా మేడం?" అని కౌన్సిల్ వాళ్లు ఫోన్లో అడిగారు.

"ఓనరు నన్నోసారి కుర్చీలోంచి లేపాడు."

అది సంబంధం కిందికి రాదన్నారు.

ఆవిడ మంచి రిపోర్టు రాస్తే బీఎస్సీ నర్సింగ్‌కి గుర్తింపు ఉంటుంది. లేకపోతే కాలేజీకి తాళమే. తనిఖీకి వెళ్లే రోజు ఉదయం అరుంధతి ఇంకో రెండు ఇడ్లీలు వేసుకుని తింది.

కాలేజీ గేటు దగ్గర కల్నల్ సాబ్‌కి స్వాగతం పలుకుతూ బ్యానరు కట్టారు. దాని కింద కోటు వేసుకుని కేశవరావు. ఒక చేతిలో బంతిపూల దండ, ఇంకో చేతిలో సీసా ఆకారం దాచలేని గిఫ్టు సంచి.

"అయ్యో సిస్టర్, మీరొచ్చారేంటి? మావాళ్లు పిలిచారా? మంచాలన్నీ నిండిపోయాయండీ. ఇవాళ ఇన్‌స్పెక్షను, కల్నల్ గారొచ్చే టైమైంది. కాస్త పక్కకి జరగండమ్మా, దండ నలిగిపోద్ది."

"ఎలాంటి మనిషి ఆ కల్నల్?"

"మిలిటరీ వాడు కదండీ. సీసా చూస్తే చాలు, సెల్యూట్ కొడతాడు."

"కొట్టదు," అని అరుంధతి తన కార్డు చూపించింది.

కేశవరావు ఆ కార్డును చాలాసేపు చదివాడు. తర్వాత సీసాను, ముఖాన్ని ఒకేసారి దాచబోయాడు. సీసా ఒక్కటే దాగింది.

"వార్డు చూపించండి," అంది ఆవిడ.

నర్సింగ్ నేర్పాలంటే కాలేజీకి ఆసుపత్రి ఉండాలి, ఆసుపత్రిలో రోగులుండాలి. ఉన్నారు. ఒక్క మంచం కూడా ఖాళీ లేదు. అరుంధతి అందర్నీ గుర్తుపట్టింది. తెలుగు అసోసియేషన్ కార్యవర్గం యావత్తూ అక్కడే పడుకుని ఉంది. రిటైర్డ్ బ్యాంకు మేనేజరు రామమోహనరావు తలకు కట్టు కట్టుకుని, దాని మీద కళ్లజోడు పెట్టుకున్నాడు. సాఫ్ట్‌వేర్ వరప్రసాద్ ముసుగుతన్ని పడుకున్నాడు. ముసుగులోంచి "యెస్ యెస్, ఈవెనింగ్‌కల్లా పంపిస్తాను" అని ఆఫీసు మీటింగు వినిపిస్తోంది. కేశవరావు భార్య సరోజిని పట్టుచీరలో ఉంది. మూతికి ఆక్సిజన్ మాస్కు ఉంది, దాని గొట్టం మాత్రం దిండు మీదే ఆగిపోయింది. కారిడార్లోంచి పులిహోర వాసన వస్తోంది.

"హమ్మయ్య, మన సిస్టరే!" అని రామమోహనరావు లేచి కూర్చున్నాడు. "ఇంక టెన్షన్ లేదర్రా. సిస్టర్, పనిలో పని, కాస్త బీపీ చూడండి."

ఆవిడ వెనక నుంచి కేశవరావు రెండు చేతులూ ఊపాడు. రామమోహనరావు వెంటనే మళ్లీ పడుకున్నాడు.

"ఏం జబ్బండీ మీకు?"

ఆయన మంచానికి తగిలించిన అట్ట వైపు మెడ సాచాడు. "ఉండండి... టైఫాయిడు."

"మరి తలకి కట్టెందుకు?"

"తలకెక్కిందండీ."

అరుంధతి గోడ పక్కన నిలబడ్డ ఫైనలియర్ పిల్లల్లో ఒకమ్మాయిని పిలిచింది. పేరు తేజశ్రీ, కంటోన్మెంట్‌లో ఉండే హవల్దారు కూతురు.

"ఈయనకి ఎనిమా ఇచ్చి చూపించమ్మా."

"సచ్ మే, మేడం? నిజంగానా? బుక్‌లో చదివాను. ఎప్పుడూ చెయ్యలేదు."

"ఎవరి మీదా చెయ్యలేదా?"

"డమ్మీ వచ్చింది మేడం. అద్దెది. ఫొటో తీసి వాపస్ తీసుకెళ్లిపోయారు."

ఈలోగా రామమోహనరావుకి టైఫాయిడు తగ్గిపోయింది. కట్టు విప్పి దిండు మీద పెట్టి, చెప్పులు వెతుక్కోకుండానే వెళ్లిపోయాడు. వరప్రసాద్ లాప్‌టాప్ గుండెలకు హత్తుకుని తనంతట తనే డిశ్చార్జి అయ్యాడు. సరోజిని మాస్కు లాగేసి, "నే రానన్నానా లేదా? ఊరికే పడుకుంటే చాలన్నారుగా!" అని మొగుణ్ని కసిరి, పులిహోర వైపు నడిచింది. చూస్తుండగానే వార్డంతా ఆరోగ్యవంతమైంది.

"మిలిటరీలో కూడా ఇంత త్వరగా కోలుకోవడం చూడలేదు," అంది అరుంధతి. "పేషెంట్లు లేరని రాసుకోనా?"

"ఆగండి మేడం!" కేశవరావు ఆవిణ్ని మేడం అనడం అదే మొదలు. "ఒక్కరున్నా ఉన్నట్టే కదండీ?"

"ఉన్నట్టే. ఎవరున్నారు?"

కేశవరావు ఖాళీ మంచాలన్నీ కలయజూశాడు. కోటు విప్పి, ఒక మంచం ఎక్కి పడుకున్నాడు.

"మలబద్ధకం," అన్నాడు నీరసంగా.

"ఎప్పట్నుంచీ?"

"కాలేజీ పెట్టినప్పట్నుంచీ."

అరుంధతికి ఆయన్ని వెంటనే వదిలెయ్యాలనిపించలేదు. కుర్చీ తెప్పించుకుని తీరిగ్గా కూర్చుంది. తేజశ్రీ ఎనిమా కోసం పుస్తకంలో ఉన్నట్టు తెర అడ్డం పెట్టింది, చేతులు కడుక్కుంది.

"సర్, ఎడమవైపు తిరగండి. మోకాళ్లు పైకి... ఔర్ థోడా, ఇంకొంచెం."

ఓనరుగారు గోడవైపు తిరిగారు.

"నెక్స్ట్ స్టెప్, టాయిలెట్ ఖాళీగా ఉందో లేదో చూడాలి మేడం."

"చూసిరా."

అమ్మాయి వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చింది. "బోర్డున్న డోర్ తీశాను మేడం. ఆగే దీవార్ హై. ఒట్టి గోడే."

"ఈ సంగతి మీకు తెలుసా కేశవరావుగారూ?"

"తెలుసండీ," అన్నాడాయన గోడతో.

"అయితే మొదలుపెట్టమంటారా?"

కేశవరావు మోకాళ్లు చాపేశాడు.

"వద్దు మేడం. ఇది వార్డు కాదు. ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ల డ్రాయింగ్ హాలు. అద్దెకి తీసుకున్నాం. ఆసుపత్రి లేదు."

"ఇటు తిరిగి చెప్పండి. గట్టిగా. పిల్లలకి వినపడాలి."

ఆయన ఇటు తిరిగాడు. గట్టిగా చెప్పాడు. వెనక వరస అమ్మాయికి వినపడలేదేమోనని అరుంధతి ఇంకోసారి చెప్పించింది.

"మేడం, హమారా క్యా హోగా? మా చదువేమవుతుంది?" అంది తేజశ్రీ.

"ఫరీదాబాద్‌లో నిజం పేషెంట్లున్న కాలేజీ ఉంది. మిమ్మల్నందర్నీ అక్కడికి మార్చాలని రాస్తాను. నువ్వు బాగా చేస్తావు. టాయిలెట్ సంగతి ముందే గుర్తొచ్చింది చూడు, అది అందరికీ గుర్తురాదు."

తర్వాత ఆవిడ రిపోర్టు రాసింది. గుర్తింపు రద్దు చెయ్యాలన్న వాక్యాన్ని ఎంత నిదానంగా రాసిందంటే, మంచం మీదున్న కేశవరావుకి ఒక్కో అక్షరమూ తలకిందులుగా చదువుకునేంత తీరిక దొరికింది.

"మేడం," అన్నాడు దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ, "ఎంతైనా ఒక సొసైటీ వాళ్లం. నేను పడుకున్న సంగతి కూడా రాస్తారా?"

"రాస్తాను," అంది అరుంధతి కలం మూత పెట్టకుండానే. "పేషెంటు బాగా సహకరించాడని రాస్తాను."