మూడో అంతస్తులో బోర్డు

రెండో అంతస్తు మలుపులో రెంచి మెట్ల కమ్మీ పట్టుకుని ఆగాడు. ఆగినట్టు కనబడకూడదని వంగి చెప్పు సర్దుకున్నాడు. చెప్పు బాగానే ఉంది. అతని భార్యకు ఒళ్లు మండింది.

"నా దగ్గర కూడా ఎందుకండీ ఈ నాటకం? కాసేపు కూర్చోండి."

"ఎవరన్నా చూస్తారే."

"చూడనీయండి. ఊపిరాడట్లేదని చెప్పుకోడానికేగా వచ్చాం!"

రెంచి జలాంతర్గామిలో ఇంజను గది ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎప్పుడూ చేతిలో రెంచి ఉండేదని తోటివాళ్లు పెట్టిన ఆ పేరే అతనికి అతుక్కుపోయింది. జలాంతర్గామిని వాళ్లు పడవనే అంటారు. ఆ పడవలో వేడి గొట్టాలన్నిటికీ ఆస్బెస్టాస్ తొడుగులుండేవి. గొట్టం కారినప్పుడల్లా ఆ తొడుగు విప్పి, మళ్లీ చుట్టడం అతని పని. తెల్లటి పొడి తలమీద రాలేది, పక్కమీద రాలేది, టీలో పడేది. వేలితో తీసి పారేసి తాగేసేవాళ్లు. అది ఊపిరితిత్తుల్ని తినేస్తుందని పైవాళ్లకు ఎప్పుడో తెలుసు. పడవలోవాళ్లకు చెప్పే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఇప్పుడు రెంచి పడుకుంటే గాలి అందదు. కుర్చీలోనే నిద్ర. జబ్బు కొలువు వల్లే వచ్చిందని, మనిషి ఇక పని చేయలేడని మెడికల్ బోర్డు ఒప్పుకుంటే వైకల్యం పింఛనూ ఇంటికి ఆక్సిజన్ యంత్రమూ ఇస్తారు. ఒప్పుకోకపోతే ఆ కుర్చీయే గతి.

ఈ పడవ మనుషులకో పిచ్చి అలవాటుంది. డాక్టరు ముందు చచ్చినా దగ్గరు. దగ్గినవాణ్ణి ఒడ్డున దింపేసేవాళ్లు మరి. భత్యం పోయేది, తోటివాళ్లలో పరువూ పోయేది. అందుకే జ్వరంతో కాలిపోతున్నా "బ్రహ్మాండంగా ఉన్నా సార్" అనేవాళ్లు. కొలువు వదిలినా ఆ మాట వాళ్లని వదల్లేదు.

అదే పడవలో వంట చేసినాయన పోయినేడు ఇదే బోర్డుకొచ్చాడు. అప్పుడూ ఇవాళ్టిలాగే లిఫ్టుకు 'మరమ్మతులో ఉంది' అన్న కాగితమే అంటించి ఉంది. పంతానికి ఒక్కచోటా ఆగకుండా ఎక్కాడు. సాయం లేకుండా మూడంతస్తులు ఎక్కగలిగినవాడికి వైకల్యం ఎక్కడిదని అర్జీ కొట్టేశారు. ఆయన మెట్లెక్కడం ఎవరు చూశారో, ఎవరు చెప్పారో పాపం ఆయనకు అంతుబట్టలేదు. రెంచి భార్య మనసులో మాత్రం ఆ సంగతి విన్ననాటి నుంచీ నలుగుతూనే ఉంది.

పక్కనున్న లిఫ్టు తలుపు వెనక ఏదో గరగరలాడుతూ పైకి పోయింది. పై అంతస్తులో గంట మోగింది.

"విన్నారా?" అందామె, గొంతు తగ్గించి.

"ఏదో మోటారయ్యుంటుంది. నీకన్నీ అనుమానాలే."

అంతలో పైన మెట్ల చివర ఒక మనిషి ప్రత్యక్షమయ్యాడు. ఇస్త్రీ చొక్కా, నిండైన నవ్వు. ఒకప్పుడు రెంచికి ఇంజను గదిలో పై అధికారి. ఇప్పుడు మాజీ నావికుల తరఫున బోర్డులో సభ్యుడు. అందరూ ఇంకా చీఫ్ అనే పిలుస్తారు.

"ఏరా రెంచీ! ఇంకొక్క వరసేగా. నిచ్చెనలమీద కోతిలా ఎగబాకేవాడివి, ఏమైందిరా నీకు?"

రెంచి నడుం నిటారుగా అయింది. "వస్తున్నా చీఫ్!"

భార్య అతని చొక్కా పట్టుకుని ఆపింది. తలెత్తి గట్టిగా అడిగింది.

"అన్నయ్యగారూ, లిఫ్టు పాడైందిగా. మీరెలా ఎక్కారు?"

"నేనా? ఎలాగేమిటమ్మా..." చీఫ్ నవ్వబోయాడు. నవ్వు మధ్యలో తెగింది. చప్పున గోడవైపు తిరిగి చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి, దగ్గు మాత్రం బయటికి రాలేదు. మళ్లీ ఇటు తిరిగి కమ్మీ పట్టుకున్నాడు. గోళ్లు నీలంగా ఉన్నాయి.

అలా గోడవైపు తిరగడం రెంచికి కొత్త కాదు. తనూ జీవితమంతా అలాగే తిరిగాడు.

"చీఫ్, మీకు కూడానా?"

"నాకేంరా? బ్రహ్మాండంగా ఉన్నా. కబుర్లాపి పైకి రా. లోపల డాక్టర్లు కాచుకుని ఉన్నారు."

జబ్బు బయటపడితే బోర్డులో కుర్చీ పోతుంది. ఆ కుర్చీ కోసం ఈ మనిషి బాగున్న లిఫ్టుకు కాగితం అంటించి, ఎంతమందిని ఈ మెట్లెక్కించి, ఎక్కారని లోపల చెప్పాడో! రెంచికి ముందు కోపమొచ్చింది, ఆ వెంటనే జాలేసింది, మళ్లీ కోపమే గెలిచింది.

మెట్టు మీద చతికిలబడ్డాడు. చేయి అడ్డం పెట్టుకోకుండా, కిందా పైనా అన్ని గదుల్లోకీ వినబడేలా దగ్గాడు. దగ్గీ దగ్గీ కళ్లవెంట నీళ్లు కారాయి. పైన తలుపొకటి తెరుచుకుంది.

"ఏంట్రా ఇది? అందరూ వింటున్నారు!" చీఫ్ కంగారుగా అన్నాడు.

"విననీయండి. నేనెక్కను చీఫ్. బోర్డునే కిందికి రమ్మనండి. ముందు మీరు రండి, ఈ మెట్ల మీదుగా."

చీఫ్ ఒక కాలు కింది మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు పైనే ఉండిపోయింది. అతని చూపు లిఫ్టు తలుపు వైపు మళ్లింది.