నిలువు ముక్క

టార్చిలైటును పక్కవాటుగా పట్టి, కళ్లు చికిలించి చూస్తే తప్ప తెర మీద ఏమీ కనబడటం లేదు. కనబడేది కూడా నీళ్ల అడుగున పడిన ఫొటోలా ఉంది. అయినా భూతద్దం తృప్తిగా తలాడించాడు. ముక్కలన్నీ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఒక ముక్క గాలిలో ఆగి ఉంది. ఆట బతికే ఉంది. చచ్చింది తెర వెనకాల వెలుతురు మాత్రమే.

ముప్పై ఏళ్లుగా నుదుటి మీది కటకం తీయకపోవడంతో అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. మొదట రేడియోలు, తర్వాత టేపురికార్డర్లు, తర్వాత ఫోన్లు. బల్ల మీది సరుకు చిన్నదవుతున్న కొద్దీ అద్దం మందమవుతూ వచ్చింది. బజారు భవనంలో, మెట్ల కింద అతని కొట్టు. రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి నిలబడే మాట్లాడాలి.

ఈ చేతి గేమ్‌ని ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ రాలేదు. ఏడేళ్లు సొరుగులో పడి ఉంది. భార్య మంచం పట్టిన కొత్తలో తీసుకెళ్లి ఇస్తే, "నేనేమన్నా చిన్నపిల్లనా?" అని కసిరింది. వారం తిరక్కుండా, పైనుంచి పడే ముక్కల్ని సందుల్లో ఇమిడ్చే ఆటలో ఆరితేరింది. రెండు గదుల ఇంట్లో ముప్పై ఏళ్లు సామాను సర్దిన మనిషికి అదొక లెక్కా?

నిన్న సాయంత్రం ఆసుపత్రిలో, స్కానింగ్‌కి తీసుకెళ్లడానికి నర్సు వచ్చింది. ఆమె ఆట ఆపి, గేమ్‌ని అతని చేతిలో పెట్టింది.

"ఇంత స్కోరు ఎప్పుడూ రాలేదు. ఇదిగో, పక్క గడిలో చూడు, తర్వాత వచ్చేది నిలువు ముక్క. అది పడితే నాలుగు వరసలూ ఒక్కసారే పోతాయి. నేనొచ్చి వేస్తా. ముట్టుకున్నావంటే ఊరుకోను."

ముట్టుకున్నాడు. అద్దం కింద ఆవగింజంత దుమ్ము చేరిందని ఆమె పది రోజులుగా గోల పెడుతోంది. తిరిగొచ్చేసరికి తుడిచేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. బ్యాటరీ తీస్తే ఆట పోతుంది. అందుకని తీయకుండానే తెరని బోర్డుకి కలిపే రిబ్బన్ తీగ ఊడదీసి, తుడిచి, మళ్లీ తగిలించాడు. బ్యాటరీ తీయకుండా రిబ్బన్ జోలికి వెళ్లొద్దని ఊరందరికీ పాఠం చెప్పినవాడే! తెర చటుక్కున నల్లబడింది.

స్కానింగ్ నుంచి వచ్చిన భార్యతో, "ఛార్జింగ్ అయిపోవస్తోంది. కొట్లో పెట్టి రేపు నాలుగింటికి తెస్తా" అన్నాడు.

"ఆట పోదుగా?"

"పోదు."

ఆ మాటైనా నిలబెట్టుకోవాలి.

"బ్యాటరీ పీకి పారెయ్యి బావా, పది నిమిషాల పని" అన్నాడు పక్క కొట్లో తాళంచెవులు కోసే బావమరిది, యంత్రం ఆపకుండానే.

"పీకితే మీ అక్క నా ప్రాణం తీస్తుంది."

"మళ్లీ మొదట్నుంచి ఆడుకుంటుందిలే."

"ఆ ముక్క నువ్వే వెళ్లి చెప్పు, వీపు దురదగా ఉంటే."

"అమ్మో! మంచంలో ఉన్నా అక్క అక్కే" అని బావమరిది యంత్రం మోత పెంచాడు.

భూతద్దం ఫోన్ ఆపేసి, కటకం కంటి మీదికి దించుకున్నాడు. మీటరు మొనలు ఆనించాడు. తెర వెలుతురు దారిలోని ఫ్యూజుకి ఇవతల కరెంటుంది. అవతల సున్నా. దొంగ దొరికాడు. నువ్వుగింజలో సగం లేడు!

పాత బోర్డు నుంచి అలాంటి ఫ్యూజే ఒకటి ఊడదీశాడు. అసలు చిక్కు ఇప్పుడుంది. ఛార్జర్ తగిలించే ఉంది, బోర్డు నిండా కరెంటుంది. మొన వెంట్రుకవాసి పక్కకి తగిలినా ఆట ఆరిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ బాగా కాగనిచ్చి, దాని కరెంటు బోర్డులోకి పాకకుండా ఐరన్ ప్లగ్గు గోడలోంచి పీకేశాడు. అది చల్లారేలోపు పని కావాలి.

మొదటిసారి మొన పక్కకి జారబోయింది. వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి పట్టకారులోంచి ఫ్యూజు ఎగిరిపోయింది. వెతగ్గా వెతగ్గా చొక్కా జేబు అంచున దొరికింది. మూడోసారి ఊపిరి బిగబట్టాడు.

సన్నటి పొగ లేచింది. తెర వెలిగింది.

స్కోరు ఉంది. గాలిలో ఆగిన ముక్క ఉంది. పక్క గడిలో నిలువు ముక్క ఉంది. దుమ్ము మాత్రం లేదు. వేల వస్తువులు బాగుచేసి జనం చేతుల్లో పెట్టాడు గానీ, ఒక్కదాన్నీ ఇలా కళ్లప్పగించి చూసింది లేదు. గడియారంలో మూడూ ఇరవై.

"చూశావట్రా!" అని కేకేశాడు.

తాళాల యంత్రం ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు గమనించాడు. బావమరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోన్‌తో.

"బావా, చెప్పులేసుకో. వెళ్దాం."

"నాలుగింటికి కదా లోపలికి పంపేది?"

"ఇప్పుడే రమ్మన్నారు."

"నన్నడుగుతోందా?"

బావమరిది తల అడ్డంగా ఊపాడు. గుమ్మం పట్టుకున్నాడు. ఇనప పొడి అంటిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

భూతద్దం నుదుటి మీది కటకం తీసి బల్ల మీద పెట్టాడు. అది ఉండే చోట చర్మం ఎండ తగలని మొక్కలా పాలిపోయి ఉంది. కుడికాలి చెప్పు కోసం బల్ల కింద చాలాసేపు తడిమాడు. అది కాలికే ఉంది.

"గేమ్ తీసుకురావా, బావా?"

"ఉండనీరా. తనే వేస్తానంది."

షట్టరు కిందికి దిగింది. మెట్ల కింది గదిలో, ఛార్జర్ తీగ చివర, తెర వెలుగుతూనే ఉంది. పక్క గడిలో నిలువు ముక్క తన వంతు కోసం నిటారుగా నిలబడి ఉంది.